ఆగు అన్నవాడు

మస్తాన్ ఉస్తాద్‌కు ఒక అలవాటు ఉండేది. ఎవరేం అడిగినా జవాబు చెప్పేవాడు కాదు. అడిగినవాడి చేతికి ఏదో ఒక పని అప్పగించి తన దారిన తాను పోయేవాడు. దేశభక్తి అంటే ఏమిటని ఒక కుర్రాడు అడిగితే, చేతికి పార ఇచ్చి, వంటశాల వెనక పూడుకుపోయిన మురుగుకాలువ చూపించాడట. కుర్రాడికి జవాబు దొరికిందో లేదో తెలియదు గానీ, కాలువ మాత్రం బాగుపడింది.

సైన్యంలో దగ్గరుండి పని నేర్పేవాణ్ణి ఉస్తాద్ అంటారు. మస్తాన్ హోదా హవల్దార్. సొంతూరు గిద్దలూరు దగ్గర ఒక పల్లె. దారులు తెగిపోయినచోట వంతెనలు కట్టే పటాలంలో పని. హవల్దార్ సాబ్ అని పిలవాల్సినవాణ్ణి, పేరుకు ప్రాస కుదిరింది కదా అని, అక్కడి తెలుగు కుర్రాళ్లంతా మస్తాన్ ఉస్తాద్ అనే పిలిచేవారు. ఆయన కూడా ఆ పిలుపుకే తొందరగా పలికేవాడు.

ఆయన చేతికింద పని నేర్చుకున్నవాళ్లలో తవిటినాయుడు ఒకడు. పాలకొండ వైపువాడు. ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే, వాళ్లమ్మ వీణ్ణి పుట్టగానే పొరుగింటావిడకు తవుడుకు ఇచ్చినట్టే ఇచ్చి, తిరిగి తెచ్చుకుని, ఆ పేరు పెట్టుకుంది. తవుడుకు అమ్ముడుపోయిన ఆ పిల్లవాడు పెరిగి పెరిగి, ఇనుప ప్యానెల్ కింద భుజం పెడితే అటువైపు మరొకరు అక్కర్లేదనిపించేంత మనిషయ్యాడు. మోతలో వాణ్ణి మించినవాడు పటాలంలో లేడు. పిలిచిన పనికల్లా ముందుండేవాడు. ఆ వానాకాలం మొదట్లో వాణ్ణి లాన్స్ నాయక్ చేశారు. సిపాయి చొక్కా చేతిమీద ఏమీ ఉండదు. హోదా చెప్పే గుడ్డపట్టీని ఫీతీ అంటారు; లాన్స్ నాయక్‌కు ఒక ఫీతీ, నాయక్‌కు రెండు, హవల్దార్‌కు మూడు. తవిటినాయుడికి ఆ మొదటి ఫీతీ వచ్చింది.

ఫీతీ కుట్టించుకున్న రోజున వాడు బారక్‌లో అందరికీ లడ్డూలు పంచాడు. మొదటి లడ్డూ ఓబులేసుకే. ఓబులేసుది ఉరవకొండ వైపు. ఇద్దరూ ఒకే బండిలో వచ్చి పటాలంలో చేరారు, పక్కపక్క మంచాల మీద పడుకున్నారు, ఒకే సబ్బుముక్క అరగదీశారు. ఓబులేసు నోరు ఊరుకునే రకం కాదు. లడ్డూ బుగ్గన పెట్టుకుని, "పుట్టేటప్పుడే నాయుడివి. ఇప్పుడు నాయక్‌వి కూడా అయితివి. మాలాంటోళ్లు ఇంక నీ పక్కన పండుకోవచ్చునా, మంచం దూరం జరుపుకోవల్లనా?" అన్నాడు. అందరూ నవ్వారు. తవిటినాయుడూ నవ్వాడు. అయితే ఆ మాట చేపముల్లులా గొంతులో ఎక్కడో ఉండిపోయింది.

మర్నాటి నుంచి అది మరికాస్త లోపలికి దిగింది. వరసలో నిలబడండ్రా అంటే, "చిత్తం నాయుడుగారూ" అని సాగదీసి సెల్యూట్ కొట్టేవారు. మొన్నటిదాకా తనూ కూర్చుని హవల్దార్ల మీద వేసిన పరాచికాలు, ఇప్పుడు తను లోపలికి అడుగు పెట్టగానే ఆగిపోతున్నాయి. పోనీ హవల్దార్ల దగ్గరకు వెళ్దామా అంటే, అక్కడ వీడి ఒక్క ఫీతీకి కుర్చీ ఎవరూ వెయ్యరు. ఇటు వాళ్లకు పెద్దవాడు, అటు వాళ్లకు చిన్నవాడు. ఎవరి పక్కన కూర్చుని టీ తాగాలో తెలియని మనిషయ్యాడు.

ఇంతలో ఉత్తరాది కొండల్లో కుంభవృష్టి కురిసి, ఒక వాగుమీది వంతెన కొట్టుకుపోయింది. అవతలి గట్టున ఉన్న ఊళ్లకు బియ్యం లేదు, మందులు లేవు. పటాలానికి కబురొచ్చింది. ప్యానెళ్లనీ రోలర్లనీ లారీలకెత్తి వాగొడ్డుకు చేరేసరికి సాయంత్రమైంది. అవతలి గట్టున జనం గొడుగులు వేసుకుని, ఏమీ అరవకుండా, ఇటే చూస్తూ కూర్చున్నారు.

మస్తాన్ ఉస్తాద్ తాళ్ల ముళ్లు పట్టి చూసుకుంటున్నాడు. తవిటినాయుడు వెళ్లి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఉస్తాద్, నాకో సంగతి తెలవడం లేదు. సిపాయి మోస్తాడు. హవల్దార్ చెప్తాడు. మజ్జిలో ఈ ఒక్క ఫీతీవోడు ఏటి చెయ్యాల? మోసీవోడా, చెప్పీవోడా? సిపాయికీ నాకూ తేడా ఏటి?"

ఉస్తాద్ తల ఎత్తలేదు. ముడి బిగించి, లాగి చూసి, ఇంకో తాడు అందుకున్నాడు.

"రేపు ప్యానెల్ పార్టీ నీది. ఆరుగురు మోస్తారు. నువ్వు చేతులు రెండూ వెనక్కి కట్టుకొని నిలబడు."

"అంతేనా ఉస్తాద్?"

"అంతే. చానా కష్టం," అన్నాడు ఉస్తాద్.

ఆ వంతెన ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఒక్కో ముక్కా నిలువెత్తు ఇనుప చట్రం. దాన్నే ప్యానెల్ అంటారు. చట్రంలోంచి మోతకర్రలు దూర్చి, అటు ముగ్గురూ ఇటు ముగ్గురూ పట్టి లేపితే గాని లేవదు. దాన్ని ప్యానెళ్లు పేర్చిన దిబ్బ దగ్గర్నుంచి వాగొడ్డు వెంట నడిపించి, రోలర్ల మీద ఉన్న ముందు ప్యానెల్‌కు పిన్నులతో బిగించాలి. బిగించే కొద్దీ వంతెన అవతలి గట్టుకేసి సాగుతుంది. మోసేవాళ్లకు మెడ వంగిపోయి, ముందడుగు పడే జానెడు నేల తప్ప మరేమీ కనిపించదు.

తెల్లవారేసరికి చినుకులు. తవిటినాయుడు చెప్పినట్టే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. అది ఎంత కష్టమో మొదటి ప్యానెల్ లేచినప్పుడే తెలిసింది. ఎదురుగా స్నేహితుల మెడనరాలు ఉబ్బుతున్నాయి. తన భుజాలు ఊరికే ఉన్నాయి. బరువు మోసిన ఏ రోజూ వాడికి అంత అలసట కలగలేదు. ఓబులేసు వాగువైపు కర్ర పట్టుకున్నాడు. ప్యానెల్ దించి వెనక్కి వస్తూ అందరికీ వినబడేలా, "సూడండ్రా, మా నాయుడు రెండు చేతులకీ గోరింటాకు పెట్టుకున్న్యాడు. ఆరేదంకా ఏమీ ముట్టుకోడు," అన్నాడు. వానలో తడిసి ముద్దయిన ఆరుగురూ పగలబడి నవ్వారు. తవిటినాయుడి చెవులు ఎర్రబడ్డాయి.

అలా నిలబడ్డవాడికి, మోసేవాళ్లకు కనిపించనిది ఒకటి కనిపించింది. ఒడ్డు వెంట వాళ్లు నడిచే బాటలో, వాగుకు దగ్గరగా, నేల మీద వేలు దూరేంత చీలిక. అది ఓబులేసు నడిచే వైపు. ఇంత లోపలికి జరిగి నడవండ్రా అందామని నోరు తెరిచాడు. కానీ లోపలికి జరిగితే రాళ్లమీదుగా ఎక్కి దిగాలి, మోత రెట్టింపవుతుంది. గోరింటాకు పెట్టుకున్నవాడు, ఊరికే నిలబడి, రాళ్లమీద నడవమంటాడా? ఓబులేసు ఏమంటాడో, మిగతావాళ్లు ఎలా నవ్వుతారో వాడికి ముందే వినిపించింది. తెరిచిన నోరు మూసుకున్నాడు. చీలిక చిన్నదే కదా అనుకున్నాడు.

మధ్యాహ్నానికి మోసేవాళ్లలో ఒకడికి చలిజ్వరం తగిలి వణికిపోతుంటే డేరాకు పంపించారు. ఐదుగురు మిగిలారు. ఉస్తాద్ రోలర్ల దగ్గర ఉన్నాడు. వెళ్లి ఇంకో మనిషిని ఇవ్వండి అని అడిగితే ఇచ్చేవాడే. కానీ ఐదుగురూ వానలో నిలబడి వీడి ముఖంలోకే చూస్తున్నారు. తవిటినాయుడు కట్టుకున్న చేతులు విప్పాడు. చొక్కా చేతులు పైకి మడిచి, లోపలివైపు వెనక కర్ర అందుకున్నాడు.

"అద్గదీ! మావోడు మళ్లీ మావోడైనాడు!" అని కేకపెట్టాడు ఓబులేసు.

ఆ కేకతో గొంతులో ముల్లు కరిగిపోయింది. తవిటినాయుడు హైలెస్సా అందుకున్నాడు. మిగతావాళ్లు వంతపాడారు. ప్యానెళ్లు పూలపల్లకీల్లా కదిలాయి. అవతలి గట్టున జనం కూడా తల ఊపుతున్నట్టు కనిపించింది. ఫీతీ వచ్చినప్పటి నుంచీ వాడికి అంత సంతోషం లేదు. మెడ వంచి, స్నేహితుల ఊపిరి వింటూ, ముందున్న జానెడు నేల చూసుకుంటూ నడిచాడు. బాట ఎలా ఉందో చూడ్డానికి ఆ పార్టీలో ఇప్పుడు ఎవరూ లేరు.

మూడో విడతకో నాలుగో విడతకో ఒడ్డు విరిగింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. తడిసిన గోడ కూలినట్టు మెత్తగా జారింది. ఓబులేసు కాలు మోకాలిదాకా దిగిపోయింది. ప్యానెల్ వాగువైపు ఒరిగింది. లోపలివైపున్న ముగ్గురూ వెనక్కి పడి దాన్ని లాగి పట్టారు కాబట్టి మనిషి దక్కాడు. కానీ ఒరిగిన ఇనుపచట్రం అంచు, పైకి తీయబోతున్న ఓబులేసు పాదం మీద దిగింది. వాడు అరవలేదు. అంత నోరున్నవాడు, ఒక్క మాట లేకుండా, తవిటినాయుడి వంక చూశాడు.

ఉస్తాద్ పరుగెత్తుకొచ్చాడు. చట్రం లేపారు, ఓబులేసును లాగారు, స్ట్రెచర్ మీద డేరాకు చేర్చారు. పాదం ఎముకలు విరిగాయి, కాలికి భయం లేదన్నాడు డాక్టరు. వెనకే, హవల్దార్లకు పైఅధికారి సుబేదార్ సాబ్ వచ్చాడు. విరిగిన ఒడ్డు చూశాడు, పార్టీని చూశాడు.

"ఇన్‌చార్జి ఎవరు?"

"నేనే సాబ్," అన్నాడు తవిటినాయుడు.

"అప్పుడు నువ్వెక్కడ నిలబడ్డావు?"

కర్ర పట్టుకున్నాను సాబ్ అని తవిటినాయుడు అనవచ్చు. అందరికంటే ఎక్కువ బరువు మోశాను అనవచ్చు. రెండూ నిజమే. కానీ అడిగింది అది కాదు. ఎక్కడ నిలబడ్డావు అని. వాడు ఎక్కడా నిలబడలేదు.

ఉస్తాద్ ఒక అడుగు ముందుకు వేశాడు. "పార్టీని ఇతనికిచ్చింది నేను సాబ్. ఈ సంగతికి నేను చెప్పుకుంటాను," అన్నాడు. సుబేదార్ సాబ్ తిరిగి వెళ్లిపోయాడు. ఉస్తాద్ తవిటినాయుణ్ణి తిట్టలేదు. బాటను లోపలికి జరపమని, వాగు అంచుకు తప్పనిసరిగా వెళ్లాల్సిన చివరి మలుపులో నడవడానికి చెక్కపలకలు పరవమని చెప్పి, రోలర్ల దగ్గరకు వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండునని తవిటినాయుడికి అనిపించింది.

పొద్దు వాలాక మందుల డేరాకు వెళ్లాడు. ఓబులేసు కాలికి కట్టు కట్టి, కింద దుప్పటి చుట్ట పెట్టి పడుకోబెట్టారు. మర్నాడు పొద్దున్న బండిలో కింది ఊరి ఆస్పత్రికి పంపిస్తారు. తవిటినాయుడు మంచంకోడు పక్కన నిలబడ్డాడు. కూర్చోబుద్ధి కాలేదు.

"కూసోరా. నాయక్‌వైతే మాత్రం కూసోగూడదని ఉండాదా?" అన్నాడు ఓబులేసు. నొప్పికి గొంతు సన్నగిల్లింది గానీ మాట మాత్రం మారలేదు.

"నన్ను తిట్టరా," అన్నాడు తవిటినాయుడు.

"యాడ తిట్టేది? నువ్వు పక్కన నిలబడుకోని ఉంటే తిట్టేవాణ్ణి. నువ్వూ నాతో మోస్తాంటివి. మోస్తాన్నోణ్ణి ఎట్ల తిట్టేది?"

తవిటినాయుడు దీపం వంక చూస్తూ, "పొద్దున్నే చూశాన్రా ఆ చీలిక," అన్నాడు.

ఓబులేసు మెడ తిప్పాడు. "చూసినావా?"

"చూశాను."

"చూసి చెప్పల్యా?"

"చెప్తే నువ్వు నవ్వుతావని."

ఓబులేసు డేరాకప్పు వంక చూశాడు. గుడ్డమీద వాన చప్పుడు వినిపిస్తోంది. కోపం వచ్చిందేమో అనుకున్నాడు తవిటినాయుడు. రాలేదు. వచ్చినదేదో కోపం కంటే మెత్తనిది. అందుకే అది భరించడం కష్టమైంది.

"నవ్వేవాణ్ణేలే," అన్నాడు ఓబులేసు. "నవ్వి, పక్కకు జరుగుతాంటి."

మర్నాడు ఓబులేసును బండి ఎక్కించాక, తవిటినాయుడు చేతిమీది ఫీతీ కుట్లు బ్లేడుతో కోసేశాడు. దాన్ని గుప్పిట్లో పెట్టుకుని ఉస్తాద్‌ను వెతుక్కుంటూ వెళ్లాడు. ఉస్తాద్ ప్యానెళ్ల దిబ్బ దగ్గరున్నాడు. పైచొక్కా విప్పి కొమ్మకు తగిలించి, భుజం మీద గుడ్డ మడిచి వేసుకుని, మోతకర్ర ఒకటి ఏరుకుంటున్నాడు. జ్వరంవాడి బదులు వచ్చిన కుర్రాడితో కలిపి మిగతా ఐదుగురూ బిత్తరపోయి చూస్తున్నారు.

"ఉస్తాద్, ఇది మీరు ఉంచండి. నా వల్ల కాదు. నన్ను మోతకే ఉంచండి, జన్మంతా మోస్తాను."

ఉస్తాద్ కర్రను ఎత్తి బరువు చూసుకున్నాడు. "నా చేతులు ఖాళీ లేవే. నీ జేబులోనే పెట్టుకో. పని అయినాక చూద్దాం. ఓబులేసు జాగా ఖాళీ ఉంది, ఒక మనిషి తక్కువ. నేను పడతా. నువ్వు పో, నీ జాగాలో నిలబడు."

"మీరు మోయడం ఏటి ఉస్తాద్? నేను చెప్పడం ఏటి?"

"మొన్న ఒకటి అడిగితివి. నేను చెప్పలేదు. ఇవాళ కూడా చెప్పను. వాన పెరుగుతాంది, పో."

ఓబులేసు పట్టుకున్న చోటే, వాగువైపున, రెండో మనిషిగా మస్తాన్ ఉస్తాద్ కర్ర దూర్చి నడుం వంచాడు. జుట్టు నెరిసిన మనిషి. తనకు ప్యానెల్ ఎలా లేపాలో, నడుం ఎలా కాపాడుకోవాలో చేయి పట్టి నేర్పిన మనిషి. ఆ వంగిన మెడను పైనుంచి చూడాల్సి రావడం తవిటినాయుడికి చెప్పలేనంత అపచారంగా తోచింది. అయినా బయటికొచ్చి నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకోమని ఈసారి ఎవరూ చెప్పలేదు. వాటినేం చెయ్యాలో తోచక తనే కట్టుకున్నాడు.

"ఉఠావ్!" అన్నాడు. గొంతు పిల్లిపిల్ల అరిచినట్టు వచ్చింది.

"వినబడల్యా," అన్నాడు ఉస్తాద్, తల వంచుకునే.

"ఉఠావ్!"

ప్యానెల్ లేచింది. తవిటినాయుడు కూడా కదిలాడు. నిన్న ఒకచోట నిలబడి చూశాడు. ఇవాళ వాళ్లకంటే నాలుగడుగులు ముందు నడుస్తూ, బాటను చూసి, వెనక్కి తిరిగి కాళ్లను చూసి, మళ్లీ బాటను చూశాడు. రాయి వదులుగా ఉంటే తన్ని చూశాడు. జారేచోట ఆపి ఇసుక పోయించాడు. ఒకడు అడుగు తప్పుతున్నాడని ముందే గ్రహించి దించమన్నాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వుతారేమోనని తనకు అనుమానం కూడా రాలేదు. ఆరు జతల కాళ్లను చూసేవాడికి నవ్వుల సంగతి పట్టదు. ఉస్తాద్‌తో మాట్లాడాల్సి వచ్చినప్పుడు మాత్రం, "ఉస్తాద్, కొంచెం ఇటు రండి, ఉస్తాద్, మెల్లిగా వెయ్యండి" అని ప్రతి మాటకూ మర్యాద జోడిస్తూనే ఉన్నాడు.

చివరి ప్యానెల్ మిగిలింది. అవతలి గట్టున జనం లేచి నిలబడ్డారు. వాగు ఎర్రగా పొంగి, మనిషి మాట మనిషికి వినబడనంత హోరుగా ఉంది. చివరి మలుపులో చెక్కపలకల మీదికి పార్టీ ఎక్కింది. వాగువైపు ముందు మనిషి కాలు పలక మీద పడగానే, దాని రెండో కొన కొద్దిగా, బియ్యపుగింజంత, పైకి లేచింది. తవిటినాయుడు చూశాడు. పలక కింద మట్టి లేదు. పైకి నేలలా కనిపిస్తున్నది లోపల నీళ్లు తొలిచేసిన డొల్ల. ముందు మనిషి దాటేశాడు. తరవాతి అడుగు ఉస్తాద్‌ది. ఆయన మెడ వంచి, కాలు ఎత్తాడు.

"ఉస్తాద్, కొంచెం..."

వాగు ఆ మాటను మింగేసింది. కాలు దిగుతోంది.

"ఆగు!"

పనిలో హుకుములన్నీ హిందీలోనే ఉంటాయి. అది తెలుగులో వచ్చింది. కడుపులోంచి వచ్చింది. వాగు హోరును చీల్చుకుని అవతలి గట్టుదాకా పోయిందని తరవాత అక్కడివాళ్లు చెప్పారు. ఉస్తాద్ ఎత్తిన కాలు గాలిలోనే ఆగింది. మిగతా ఐదుగురూ రాళ్లయ్యారు.

"కాలు వెనక్కి పెట్టు! వెనక్కి! ముందున్న ఇద్దరూ కదలొద్దు. లోపలివైపు బరువు తీసుకోండి. ఊఁ, ఇప్పుడు అందరూ కలిసి, లోపలికి, ఒక అడుగు. ఇంకో అడుగు. దించు!"

ప్యానెల్ రాళ్లమీద దిగింది. ముందు మనిషిని చొక్కా పట్టి ఇటు లాగాడు తవిటినాయుడు. వాడి మడమ తగిలి పలక కదిలి, ఒక్కసారి ఊగి, కింది మట్టితో సహా వాగులోకి జారిపోయింది. నీళ్లు దాన్ని గుండ్రంగా తిప్పి పట్టుకుపోయాయి. ఏడుగురూ దానివంకే చూస్తూ నిలబడ్డారు. తరవాత ఉస్తాద్ ముఖాన కారే నీళ్లు తుడుచుకుని, కర్ర మీద రెండు చేతులూ ఆనించి, తన శిష్యుడి వంక చూసి, పటాలంలో పైవాళ్లతో అనే మాట అన్నాడు.

"జీ. తరవాత హుకుం?"

తవిటినాయుడు హుకుం ఇవ్వడం ఆపలేదు. రాళ్లమీదుగా బాట చూసుకుని, ఇద్దరిని అదనంగా అడిగి తెచ్చుకుని, ఆ చివరి ప్యానెల్‌ను చేర్చాడు. పిన్నులు దిగాయి. వంతెన రోలర్ల మీద సాగి, పొద్దు వాలకముందే అవతలి గట్టును ముట్టుకుంది. ఇంకా పైపలకలు బిగించకముందే, ఎవరు వద్దన్నా వినకుండా, అవతలినుంచి ఒక ముసలాయన బుట్టెడు కాల్చిన మొక్కజొన్న పొత్తులు పట్టుకుని ఇనుపకమ్మీల మీదుగా వచ్చేశాడు. కుర్రాళ్లు పొత్తులు పంచుకున్నారు. ఒకడు, ఏమీ ఆలోచించకుండా, తవిటినాయుణ్ణి పక్కకు జరగమని చోటు చేసుకుని కూర్చుని, సగం పొత్తు విరిచి ఇచ్చాడు. ఓబులేసు ఉంటే దీనికి ఏ మాట అంటించేవాడో అనుకుని అందరూ కాసేపు వాణ్ణి తలుచుకున్నారు. ఆస్పత్రి నుంచి వైర్‌లెస్‌లో కబురు వచ్చింది, కాలు సెట్ చేశారని, అక్కడి నర్సును అప్పుడే నవ్విస్తున్నాడని.

తవిటినాయుడు సగం పొత్తు తిని లేచాడు. ఉస్తాద్ డేరాలో చాపమీద బోర్లా పడుకుని ఉన్నాడు. కుడిభుజం కమిలి నల్లగా వాచింది. పక్కన వేడిచేసిన ఆవనూనె గిన్నె ఉంది. తవిటినాయుడు ఏమీ అడక్కుండా కూర్చుని, నూనె చేతికి తీసుకుని, ఆ భుజం మీద మెల్లిగా రాయసాగాడు. తన తండ్రికి అలా రాసేవాడు. ఉస్తాద్ కళ్లు మూసుకున్నాడు. ఆయన తెలిసే ఆ పలక మీద కాలు వేయబోయాడా, తెలియకేనా అని అడగాలని ఉంది. అడిగితే ఏ కాలువ తవ్వమంటాడో అని ఊరుకున్నాడు. కానీ ఇంకో సంగతి దాచుకోలేకపోయాడు.

"ఉస్తాద్, తప్పయిపోయింది. తొందర్లో మిమ్మల్ని ఆగు అనీసినాను. కాలు పెట్టు అనీసినాను. పెద్దంతరం చిన్నంతరం లేకుండా నోరు జారిపోయింది. అప్పుడు చేతిమీద ఫీతీ కూడా లేదు నాకు."

"ఊఁ," అన్నాడు ఉస్తాద్. "కొంచెం కిందికి రాయి. ఆడ కాదు, బొమిక పక్కన. ఆఁ, అక్కడ."

తవిటినాయుడు కాసేపు రాసి, మళ్లీ అందుకున్నాడు. "మొన్న నేనడిగినదానికి మీరు చెప్పనే లేదు, ఉస్తాద్. ఫీతీ సంగతి కూడా పని అయినాక చూద్దాం అన్నారు."

మస్తాన్ ఉస్తాద్ కళ్లు తెరవకుండానే నవ్వాడు. ఆ నవ్వుకు కమిలిన భుజం తవిటినాయుడి అరచేతి కింద కదిలింది.

"ఇందాక నన్ను ఆగమని ఒకడు అరిచినాడే నాయనా," అన్నాడాయన, "వాణ్ణి అడుగు."